పెంటికలో ప్రమాణం

2011లో అమెరికాలో ఒక పరిశోధక బృందం కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాల్లో పట్టిన 105 అడవి ఎలుకల, చిట్టెలుకల, వోల్ అని పిలిచే పొట్టితోక పొలం ఎలుకల మలాన్ని పరీక్షించి, అందులో దొరికిన వైరస్‌ల జాబితా ప్రచురించింది. ఆ వ్యాసానికి మొదటి రచయిత టుంగ్ ఫాన్, బృందానికి పెద్ద ఎరిక్ డెల్వార్ట్. జాబితాలో అంతకుముందు ఎవరూ వినని పేర్లున్నాయి. పోలియో వైరస్, జలుబు వైరస్ ఉండే పికోర్నా కుటుంబంలోనే మోసావైరస్, రోసావైరస్ అనే కొత్త శాఖలు బయటపడ్డాయి. మనుషుల కడుపు పాడుచేసే ఐచి వైరస్‌కు దగ్గరి చుట్టమైన కోబువైరస్ ఒకటి చిట్టెలుకల్లో తేలింది. ఇంకా చాలా ఉన్నాయి. అయితే ఈ జాబితాకు ఆధారం సూక్ష్మదర్శినిలో కనిపించిన బొమ్మలు కావు, గాజుపాత్రలో కణాల మీద పెంచిన వైరస్‌లూ కావు. ఆధారమంతా ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల వరుసలే. ఆ వరుసలు కూడా ఎలుక పెంటికలోంచి ముక్కలు ముక్కలుగా వచ్చినవి, కంప్యూటర్ వాటిని అతికించింది. కంటికి కనబడనిది, చేతికి చిక్కనిది, ఆకలిగొన్న ఒక ఎలుక విసర్జించి వెళ్లిన దాంట్లో అక్షరాలుగా మాత్రమే తెలిసినది నిజంగా ‘ఉంది’ అని ఎలా అంటాం? జీవశాస్త్రం ఈ ప్రశ్నను ప్రయోగశాలలో పరిష్కరించినట్టే కనిపిస్తుంది. కానీ ఇది అసలు దేన్నయినా ఎలా తెలుసుకుంటామో విచారించే ప్రమాణశాస్త్రం ప్రశ్న. దీని మీద మన తార్కికులు శతాబ్దాల తరబడి కొట్లాడుకున్నారు, ఆ కొట్లాటలో తేలినవి ఎలుక పెంటికకు కూడా అక్షరాలా వర్తిస్తాయి. ఈ పద్ధతిలో దొరికేది గుర్తును బట్టి తెలుసుకునే నిఖార్సయిన అనుమాన జ్ఞానమని, దాన్ని కాదనేవాళ్లూ నెత్తికెత్తుకునేవాళ్లూ దాని హద్దుల్ని ఒకే రకంగా తప్పుగా గీస్తున్నారని నేననుకుంటున్నాను.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూడాలి, ఎందుకంటే తర్కమంతా అందులోనే ఉంది. పెంటికను ఉప్పు ద్రావణంలో వేసి బలంగా కుదుపుతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గడ్డి పీచు, గింజల పొట్టు, పురుగుల రెక్కల తునకలు అడుక్కి దిగుతాయి. పైన తేరిన ద్రవాన్ని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొరగుండా వడకడితే బాక్టీరియాలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాతి మెట్టే కీలకం. వడకట్టిన ద్రవంలో డీఎన్‌ఏను, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించే ఎంజైములు కలుపుతారు. పగిలిన పేగు కణాల నుంచి, చచ్చిన బాక్టీరియా నుంచి కారిపోయి నగ్నంగా తేలుతున్న జన్యు పదార్థాన్ని ఆ ఎంజైములు తినేస్తాయి. ప్రోటీను తొడుగు లోపల భద్రంగా ఉన్నది మాత్రం వాటికి అందదు. తొడుగున్న జన్యు పదార్థమంటే దాదాపుగా వైరస్ కణమే. అంటే ఇంకా ఒక్క అక్షరం కూడా చదవకముందే ఒక తర్కం నడిచిపోయింది: కత్తెరకు తెగకుండా మిగిలిందంటే దానికి కవచం ఉండి ఉండాలి. ఆ తర్వాత తొడుగు తెరిచి, ఆర్‌ఎన్‌ఏ ఉంటే డీఎన్‌ఏగా మార్చి, యాదృచ్ఛికంగా అతుక్కునే ప్రైమర్లతో లక్షల నకళ్లు తీసి, సీక్వెన్సింగ్ యంత్రానికి ఇస్తారు. 2011 నాటి పనికి వాడింది 454 పైరోసీక్వెన్సింగ్. వచ్చిన వరుసలను ప్రోటీను భాషలోకి మార్చి, అంతకుముందు ప్రపంచమంతా కూడబెట్టిన జన్‌బ్యాంక్ భాండాగారంతో పోల్చి చూస్తారు. ఫలానా వరుస ఫలానా వైరస్‌ను పోలి ఉంది, కానీ అదే కాదు అని తేలినప్పుడు కొత్త పేరు పుడుతుంది.

గౌతముడి న్యాయ సంప్రదాయం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు పిల్లలకు సైతం అర్థమయ్యేలా రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ దేశమంతా తర్కశాస్త్రానికి తొలి పాఠ్యపుస్తకం. అందులో అనుమానం అంటే వాడుకలో మనం అనే సందేహం కాదు, గుర్తును బట్టి నిశ్చయంగా తెలుసుకోవడం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం దానికి పాత ఉదాహరణ. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు, పొగా నిప్పూ కలిసి కనబడిన వంటిల్లు దృష్టాంతం, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందనే నియమం వ్యాప్తి. ఇదే చట్రంలో చిట్టెలుక కోబువైరస్‌ను పెడితే ఏ అవయవమూ వేలాడదు. ఈ పెంటిక పక్షం. కోబువైరస్ ఉండటం సాధ్యం. కత్తెరకు తెగకుండా మిగిలిన, ఆ కుటుంబానికే ప్రత్యేకమైన ప్రోటీన్లను రాయగల వరుస హేతువు. 1989లో జపాన్‌లో ఆల్చిప్పలు తిని కడుపునొప్పి పాలైన రోగుల నుంచి బయటపడి, తర్వాత ప్రయోగశాలలో పెంచి చూసిన ఐచి వైరస్ దృష్టాంతం. అక్కడ వరుసా కణమూ రెండూ కలిసి తెలుసు. ఒకచోట కలిసి తెలిసినవాటిలో ఒకటి మరోచోట కనిపిస్తే రెండోదాన్ని నిశ్చయించడమే ఈ పని. దీంట్లో కంప్యూటర్ పాత్ర ఎంత పెద్దదైనా అది లెక్క వేగాన్ని పెంచిందే తప్ప తర్కం స్వరూపాన్ని మార్చలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం చార్వాకుడిది. కళ్లారా చూడనిదాన్ని నేను ఒప్పుకోను అంటాడు. కొవిడ్ తర్వాత ఈ మాట కొత్త వేషంలో తిరుగుతోంది: వైరస్‌ను వేరుచేసి చూపించండి, అక్షరాలు చూపించకండి, అవి కంప్యూటర్ కల్పనలు అని. ఈ అభ్యంతరాన్ని గౌరవంగానే తీసుకోవాలి. కానీ దాని వెనకున్న నమ్మకం ఏమిటి? కన్ను చూపేది నిఖార్సయిన సత్యం, తర్కం చూపేది రెండో రకం సరుకు అని. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరస్ బొమ్మ ఎలా వస్తుందో చూస్తే ఆ నమ్మకం నిలవదు. మామూలుగా వాడే నెగెటివ్ స్టెయినింగ్ పద్ధతిలో నమూనా మీద యురేనియం లవణం లాంటి బరువైన లోహ పదార్థం పూస్తారు. తెర మీద నల్లగా కనిపించేది ఆ లోహం. వైరస్ ఉన్నచోట లోహం లేకపోవడం వల్ల తెల్లని గుండ్రని ఆకారం మిగులుతుంది. ‘చూశాం’ అనే మాటలో కూడా పొర తర్వాత పొరగా అనుమానం ఉంది. పైగా పికోర్నా కుటుంబంలోని కణాలన్నీ సుమారు 30 నానోమీటర్ల గుండ్రని బిందువులు. ఐచి వైరస్‌నూ రోసావైరస్‌నూ పక్కపక్కన పెట్టి బొమ్మ తీస్తే ఏది ఏదో చెప్పగలిగే కన్ను లేదు. ఇది ఉంది అని చెప్పడంలో కన్నుకు కొంత పెద్దరికం ఇవ్వొచ్చేమో గానీ, ఇది ఫలానా అని విడదీయడంలో వరుసే కన్ను కంటే ఎక్కువ చూస్తుంది.

చార్వాకుడి రెండో బాణం ఇంకా పదునైనది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని నీకెలా తెలుసు, అన్ని చోట్లూ అన్ని కాలాలూ చూశావా అని అడుగుతాడు. న్యాయకుసుమాంజలి రాసిన ఉదయనుడు దీనికిచ్చిన సమాధానం నాకు చాలా ఇష్టం. సందేహానికి ఒక ఒడ్డు ఉంటుంది, సందేహించేవాడి సొంత నడవడితోనే అది తగవు పడినప్పుడు సందేహం ఆగిపోతుంది అంటాడు ఆయన. పొగ కావాలని నిప్పు రాజేసుకునేవాడు పొగకూ నిప్పుకూ సంబంధం లేదని వాదించలేడు. జన్యు వరుసను బట్టి వైరస్ ఉందనడం చెల్లదనేవాడు, జన్యు గుర్తులను బట్టే తండ్రెవరో తేల్చే కోర్టు తీర్పును ఒప్పుకుంటాడు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిలో కరోనా జన్యు జాడలు కొలిచి, ఆరు లక్షల మందికి పైగా సోకి ఉంటుందని లెక్కకట్టారు. పరీక్ష చేయించుకున్న వాళ్ల సంఖ్యకు అది ఎన్నో రెట్లు. అప్పుడు దాన్ని నమ్మి మాస్కు వేసుకున్నవాడు, ఆ తర్కాన్నే ఎలుకకు వర్తింపజేస్తే కల్పన అనడం కుదరదు. మలంలోంచి జ్ఞానం రావడం ఏమిటని ముక్కు మూసుకునేవాళ్లకు నా దగ్గర సమాధానం లేదు. అది తర్కానికి సంబంధించిన అభ్యంతరం కాదు.

అనుమానం తర్వాత ప్రత్యక్షంతో కలిసివచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిలో గొప్పది మనుషుల మలానికి సంబంధించినది. 2014లో బాస్ డ్యూటిల్ బృందం వేర్వేరు మనుషుల నమూనాల్లోని గుర్తుపట్టలేని వరుసల్ని ఒకదానితో ఒకటి కలిపి కుడితే, సుమారు 97 వేల అక్షరాల పొడవున్న ఒక వలయం తేలింది. అది బాక్టీరియాను పట్టే వైరస్ అని, బహుశా బాక్టీరాయిడ్స్ జాతి బాక్టీరియాలో బతుకుతుందని వరుసను బట్టే ఊహించారు. దానికి క్రాస్‌ఫేజ్ అని పేరు పెట్టారు. లోకంలో సగం మంది పేగుల్లో ఉండే అవకాశమున్న ఆ వైరస్‌ను అప్పటికి ఏ కన్నూ చూడలేదు. నాలుగేళ్ల తర్వాత 2018లో ఐర్లండ్ శాస్త్రవేత్తలు ఆ కుటుంబంలోని ఒక వైరస్‌ను బాక్టీరాయిడ్స్ మీదే పెంచి, బొమ్మ కూడా తీశారు. దానికి ముందే, 2017లో, వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ సంఘం నిపుణులు, వరుస మాత్రమే తెలిసిన వైరస్‌లకు కూడా అధికారిక వర్గీకరణలో చోటు ఇవ్వొచ్చని ప్రకటించారు. వాళ్లలో ఎవరూ న్యాయసూత్రాలు చదివి ఉండకపోవచ్చు. కానీ ఆ నిర్ణయం అర్థం అనుమానానికి స్వతంత్ర ప్రమాణంగా పట్టం కట్టడమే.

అయితే అసలు చిక్కు చార్వాకుడి దగ్గర లేదు, పొరబాటు హేతువుల దగ్గర ఉంది. పొగ అనుకున్నది మంచు కావచ్చు. నైయాయికులు హేత్వాభాసాల మీద పెట్టిన శ్రద్ధ చూస్తే వాళ్లకు అనుమానం మీద ఉన్న భక్తి కంటే దాని మీద ఉన్న భయమే ఎక్కువనిపిస్తుంది. ఆ భయం సీక్వెన్సింగ్‌లో అక్షరాలా నిజమైంది. 2013లో చైనాలో కారణం తెలియని కాలేయ వాపుతో బాధపడుతున్న రోగుల రక్తంలో ఒక కొత్త వైరస్ దొరికిందని ప్రకటన వచ్చింది. వరుస నిజం. కానీ అదే ఏడు మరో బృందం ఆరా తీస్తే, ఆ వైరస్ రోగుల్లో లేదు, రక్తం నుంచి జన్యు పదార్థాన్ని వడకట్టడానికి వాడే ప్లాస్టిక్ గొట్టంలోని సిలికా పొరలో ఉంది. సిలికాకు మూలమైన డయాటమ్ అనే సముద్రపు నాచు నుంచి అది వచ్చి ఉంటుందని భావించారు. అంతకు ముందు ఎక్స్‌ఎంఆర్‌వీ కథ ఇంకా పెద్ద గొడవ. దీర్ఘకాలిక అలసట జబ్బుకూ ఆ వైరస్‌కూ సంబంధం ఉందని 2009లో వచ్చిన వ్యాసాన్ని 2011లో ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. మనిషి ప్రోస్టేట్ కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు రెండు ఎలుక వైరస్‌ల ముక్కలు కలిసి ప్రయోగశాలలోనే ఆ వైరస్ పుట్టిందని తేలింది. ఇలాంటి దొంగ షరతుకు నైయాయికులు పెట్టిన పేరు ఉపాధి. నిప్పు నుంచి పొగను ఊహించడం తప్పు, ఎందుకంటే పొగ రావాలంటే తడి కట్టె అనే షరతు లోపల దాగి ఉంది. అలాగే ‘ఈ గొట్టంలో వరుస ఉంది కనుక ఈ రోగిలో వైరస్ ఉంది’ అనేదాని లోపల ‘గొట్టం శుభ్రంగా ఉంటే’ అనే షరతు దాగి ఉంది.

ఎలుక పెంటిక విషయంలో ఉపాధులు మరింత దట్టంగా ఉంటాయి. ఎలుక పురుగుల్ని తింటుంది, గింజల్ని తింటుంది, మరో ఎలుక పెంటికను కూడా తింటుంది. పేగుగుండా దాటిపోయే వైరస్‌లలో కొంత భాగం అది తిన్నవాటివే. మనిషి మలం మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతుల నమూనాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన ఆర్‌ఎన్‌ఏ వైరస్ మిరప మొక్కకు తెగులు తెచ్చే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్. గుంటూరు కారం మీద పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం ఉండనక్కర్లేదు గానీ, ఆ వరుసను బట్టి మనిషికి మిరప తెగులు సోకిందని ఎవరైనా రాస్తే నవ్వుతాం. ఎలుక పెంటికలో దొరికిన ప్రతి కొత్త పేరునూ ‘ఎలుక వైరస్’ అని పత్రికల్లో రాసినప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు. మరో రకం ఉపాధి ఇంకా సూక్ష్మమైనది. కోట్ల ఏళ్ల కిందట పూర్వీకులకు సోకిన వైరస్‌ల ముక్కలు జంతువుల సొంత జన్యువుల్లో అతుక్కుని వారసత్వంగా వస్తుంటాయి. 2010లో బోర్నావైరస్ జాడలు మనుషుల్లోనూ, పదమూడు చారల నేల ఉడుతలోనూ ఇలాగే బయటపడ్డాయి. అక్కడ వరుస ఉంది, వైరస్ లేదు. ఎప్పుడో ఆరిన నిప్పు తాలూకు మసి అది. అందుకే పరిశోధకులు ఎంజైముల మెట్టును, వరుస పూర్తిగా చెక్కుచెదరకుండా ఉందా అనే పరీక్షను, కుటుంబ వృక్షంలో అది ఏ కొమ్మ మీద కూర్చుంటుందనే పరిశీలనను కలిపి చూస్తారు. మోసావైరస్, కోబువైరస్ పికోర్నా కుటుంబంలో వెన్నెముక గల జంతువుల వైరస్‌ల కొమ్మల మీదే కూర్చున్నాయి కనుక అవి పురుగు నుంచి కాక ఎలుక నుంచే వచ్చి ఉంటాయన్న మాటకు బలం ఉంది. తిన్న పురుగుల్లోవైతే అవి పురుగు వైరస్‌ల కొమ్మ మీద ఉండేవి.

ఇక్కడ బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడిని తలచుకోవాలి. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్, వేంగి దగ్గరి కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రాశాడని చెప్పాడు. మంచి హేతువుకు మూడు లక్షణాలు ఉండాలంటాడు దిఙ్నాగుడు: పక్షంలో ఉండాలి, సాధ్యం ఉన్న ఇతర చోట్ల కనిపించాలి, సాధ్యం లేని చోట అసలు ఉండకూడదు. మూడో లక్షణమే నేటి ప్రయోగశాలలో ‘నెగెటివ్ కంట్రోల్’ పేరుతో నడుస్తోంది. పెంటిక బదులు శుద్ధమైన నీళ్లు పోసి, అన్ని మెట్లూ యథాతథంగా నడిపించి, ఏ వరుసా రాకూడదని చూస్తారు. సిలికా గొట్టం గుట్టు ఇలాంటి నీళ్లతోనే బయటపడుతుంది. అయితే దిఙ్నాగుడి నుంచి మరో అభ్యంతరం కూడా వస్తుంది, అది నాకు చార్వాకుడి దానికంటే బరువైనదిగా కనిపిస్తుంది. బౌద్ధుల దృష్టిలో వాస్తవమైనవి ఈ క్షణపు విడి వస్తువులే. జాతి, సామాన్యం అనేవి బుద్ధి కట్టిన కట్టడాలు. ఆర్‌ఎన్‌ఏ వైరస్ నకలు చేసుకునేటప్పుడు తప్పులు విపరీతంగా చేస్తుంది, కనుక ఒక్క ఎలుకలో ఉన్న కణాలన్నీ కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. భాండాగారంలో ‘మోసావైరస్’ పేరుతో ఉన్న వరుస వాటి మధ్య ఎక్కువ ఓట్లు పడిన అక్షరాలను ఏరి కట్టిన మధ్యస్థ పాఠం. సరిగ్గా ఆ వరుసే ఉన్న కణం ఆ పెంటికలో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. మరి మనం కనిపెట్టింది ఏమిటి, వస్తువా, కట్టడమా? నా జవాబు ఇది. అది కట్టడమే. కానీ మన ఇష్టం వచ్చినట్టు కట్టింది కాదు. వేరే ఎలుకలో, వేరే యంత్రంతో, వేరే మనుషులు చేసినా అదే చోటికి చుట్టుపక్కలకు చేరే కట్టడం అది. దిఙ్నాగుడి బడివాళ్లు కూడా అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. దాని విషయం సామాన్యమని తెలిసీ ఒప్పుకున్నారు, ఎందుకంటే అది పనికి సాయపడుతుంది, మోసం చేయదు. అంతకంటే ఎక్కువ గౌరవం మోసావైరస్‌కు అక్కర్లేదు.

పోలికతో గుర్తించే పద్ధతిలో మరో లోటు ఉంది. దాన్ని శాస్త్రవేత్తలు దాచిపెట్టరు గానీ ప్రకటనల్లో అది చివరికి జారుకుంటుంది. మలం నుంచి వచ్చే వరుసల్లో తరచూ పెద్ద వాటా దేనినీ పోలి ఉండదు. ఆవును పోలి ఉంటుందని విన్నవాడు అడవిలో గవయాన్ని చూసి గుర్తుపట్టడం న్యాయంలో ఉపమానానికి ఉదాహరణ. ఆవునే ఎరగనివాడి ముందు గవయం నిలబడినా అది వాడికి గవయం కాదు. జన్‌బ్యాంక్‌లో చుట్టం లేని వైరస్ పెంటికలో ఎంత నిండుగా ఉన్నా దానికి పేరు రాదు. ఎలుకల్లో ఏముందో చెబుతున్న జాబితా, నిజానికి ఎలుకల్లో ఉన్నవాటిలో మనకు ముందే తెలిసినవాటి చుట్టాలెవరో చెబుతుంది. 2022లో రాబర్ట్ ఎడ్గర్, ఆర్టెమ్ బాబాయన్‌ల బృందం 57 లక్షల పాత నమూనాల వరుసల్ని ఒక్క ప్రోటీను గుర్తు ఆధారంగా మళ్లీ గాలించి, లక్షకు పైగా కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను తేల్చింది. నమూనాలు పాతవే, అప్పటికే చదివేసినవే. మారింది గుర్తుపట్టే గుర్తు. ‘లేదు’ అనే తీర్పు ‘ఉంది’ అనే తీర్పు కంటే ఎంత బలహీనమైనదో ఇది చెబుతుంది.

ఇప్పుడు రెండో వైపు వాళ్ల సంగతి. కొత్త వైరస్ దొరికిందనగానే రేపటి మహమ్మారి దొరికిందని హడలిపోయేవాళ్లు వీళ్లు. 2014లో న్యూయార్క్ నగరంలో 133 ఎలుకల్ని పరీక్షించి 18 కొత్త వైరస్‌లను ప్రకటించినప్పుడు ఆ హడావిడి కనిపించింది. అదే పరీక్షలో సియోల్ హంటావైరస్ కూడా దొరికింది. అది మనుషులకు కిడ్నీ జబ్బు తెస్తుందని దశాబ్దాలుగా తెలుసు. ఆ రెండు రకాల వార్తల బరువు ఒకటి కాదు. సియోల్ వైరస్ ప్రమాదకరం అనే వ్యాప్తికి వెనక రోగులున్నారు, వాళ్ల రక్త పరీక్షలున్నాయి. 18 కొత్త పేర్లకు వెనక వరుసలు తప్ప ఏమీ లేవు. 2018లో ఒక అంతర్జాతీయ బృందం క్షీరదాల్లో, పక్షుల్లో ఇంకా 16.7 లక్షల వైరస్‌లు తెలియకుండా ఉన్నాయని, వాటిలో ఆరు లక్షలకు పైగా మనుషులకు సోకగలవని అంచనా వేసి, అన్నిటినీ సీక్వెన్స్ చేస్తే రాబోయే మహమ్మారిని ముందే పసిగట్టొచ్చని వాదించింది. అదే ఏడు ఎడ్వర్డ్ హోమ్స్, ఆండ్రూ రాంబో, క్రిస్టియన్ ఆండర్సన్ దీన్ని ఖండించారు. ఎక్కడెక్కడ ఏ వైరస్ ఉందో తెలిస్తే ఏది మనిషిలోకి దూకుతుందో తెలిసినట్టు కాదని, ఆ డబ్బు మనుషుల్లో జబ్బుల్ని కనిపెట్టి ఉండటానికి పెట్టమని అన్నారు. ప్రమాణశాస్త్రం భాషలో చెబితే వాళ్ల వాదం సూటిగా ఉంది: వరుసకూ ఉనికికీ వ్యాప్తి ఉంది, వరుసకూ ముప్పుకూ వ్యాప్తి లేదు. వైరస్ లేదనే చార్వాకుడూ, ఉంటే ముంచుతుందనే భయస్థుడూ హేతువు మోయగల బరువెంతో చూడకుండానే తీర్పు చెబుతున్నారు.

ముప్పు సంగతి తెలియాలంటే ఎన్ని ప్రమాణాలు కలవాలో 1993 చూపించింది. అమెరికా నైరుతిలో నాలుగు రాష్ట్రాలు కలిసే నవాహో ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరి అందక వరుసగా చనిపోయారు. రక్త పరీక్ష హంటావైరస్‌ల వైపు వేలు చూపింది. చనిపోయినవారి ఊపిరితిత్తుల నుంచి జన్యు ముక్కలు తీస్తే కొత్త హంటావైరస్ వరుస బయటపడింది. చుట్టుపక్కల సుమారు 1,700 ఎలుకల్ని పట్టి చూస్తే డీర్ మౌస్ అనే అడవి చిట్టెలుకల్లో దాదాపు మూడోవంతులో దాని జాడ కనిపించింది. ఎండిన మూత్రం, పెంటికల దుమ్ము గాలిలో లేస్తే అది సోకుతుంది. వైరస్‌ను ప్రయోగశాలలో పెంచింది మాత్రం ఆ ఏడు నవంబరులోనే, అంటే వరుస తెలిసిన నెలల తర్వాత. మధ్యలో నవాహో పెద్దలు శాస్త్రవేత్తలకు ఒక మాట చెప్పారు. వానలు బాగా కురిసి పైన్ గింజలు విరగకాసిన ఏళ్లలో ఎలుకలు పెరిగి ఇలాంటి చావులు వస్తాయని, ఎలుక బయటి లోకానికి చెందిందని, దాన్ని ఇంట్లోకి రానివ్వకూడదని తమవాళ్లు ముందు నుంచీ చెబుతూ వచ్చారని. ఆ చావులకు ముందు ఎల్‌నినో వానలు పడి గింజలు విరగకాశాయి, ఎలుకలు పెరిగాయి. న్యాయ పరిభాషలో అది ఆప్తవాక్యం, తెలిసినవాళ్ల మాట. వరుస ఒక్కటే ఆ ముప్పును తేల్చలేదు. రోగులు, ఎలుకలు, పెద్దల మాట, వరుస అన్నీ కలిసి తేల్చాయి.

ఇక మతానికి సంబంధించిన అభ్యంతరం, బహుశా ఈ దేశంలో చాలామంది మనసులో మొదట మెదిలేది. కనబడని వైరస్‌ను గుర్తు బట్టి ఒప్పుకున్నప్పుడు కనబడని దేవుడిని ఎందుకు ఒప్పుకోరు? ఇది చౌకబారు ప్రశ్న కాదు. ఉదయనుడు న్యాయకుసుమాంజలి రాసిందే ఇందుకు. కుండ తయారైన వస్తువు, దానికి కుమ్మరి ఉన్నాడు. లోకమూ తయారైనదే, దానికీ కర్త ఉండాలి అన్నాడు. ఇదే తరహా తర్కాన్ని ఉదయనుడి కంటే ముందే మీమాంసకుడు కుమారిలుడు తిప్పికొట్టాడు, ఆయనకు వేదం ప్రమాణమే గానీ సృష్టికర్త అక్కర్లేదు. అంతకంటే ఆసక్తికరమైనవాడు రామానుజుడు. నారాయణుడి భక్తి కోసం జీవితం ధారపోసిన ఆయనే శ్రీభాష్యంలో ఈశ్వరుడిని అనుమానంతో నిరూపించడం కుదరదని ఖండించాడు. మనం చూసిన కుమ్మరులందరికీ శరీరం ఉంది, శక్తికి హద్దుంది. పెద్ద భవనాన్ని ఒక్కడు కాక చాలామంది కడతారు, అన్నీ ఒకే కాలంలో కట్టరు. వ్యాప్తిని నిజాయితీగా సాగిస్తే దొరికేది ఒక్క సర్వజ్ఞుడు కాడు, శరీరాలున్న, తప్పులు చేసే అనేక కర్తలు. అందుకే ఈశ్వరుడు శాస్త్రం వల్ల మాత్రమే తెలుస్తాడన్నాడు ఆయన. అంటే వైరస్‌ను ఒప్పుకున్నవాడు దేవుడిని ఒప్పుకుని తీరాలనే ఒత్తిడి భక్తుల్లోనే అతి గట్టివాడు పెట్టలేదు. వైరస్‌ను ఒప్పుకుంటే భక్తికి ఏదో నష్టమన్న భయం కూడా ఆయన వాదంలో లేదు. రెంటికీ తేడా కనబడకపోవడంలో లేదు, దృష్టాంతంలో ఉంది. ఎలుక వైరస్‌కు పక్కనే ఐచి వైరస్ ఉంది, వరుసా కణమూ కలిసి తెలిసిన చోటు. లోకకర్తకు పక్కన పెట్టడానికి మరో లోకం, దాని కర్త మనకు తెలియవు. ఉన్న ఒక్క లోకం నుంచి వ్యాప్తి పుట్టదు. మోసావైరస్ విషయంలో ఆ ఇబ్బంది లేదు. రేపు ఎవరైనా దాన్ని చిట్టెలుక పేగు కణాల మీద పెంచడానికి ప్రయత్నించవచ్చు, పెరగకపోతే ఏ షరతు తప్పిందో వెతకవచ్చు.